యాప్ తెరపై రంగులు: ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే చాలవు

మొబైల్‌లో డబ్బు పంపాక తెర మీద ఆకుపచ్చ కనిపిస్తే చాలు, చాలామంది ఫోన్ జేబులో పెట్టేసుకుంటారు. ఎరుపు వస్తే కంగారు పడతారు. అక్షరాలు చదివే ఓపిక తక్కువ, రంగే కబురు చెప్పేస్తుంది. యాప్ తయారుచేసేవారికి ఇది సులువైన దారి. కానీ ఆ రెండు రంగులూ దాదాపు ఒకేలా కనిపించే కళ్ళు కూడా ఉన్నాయి.

దీన్నే వర్ణాంధత్వం లేదా కలర్ బ్లైండ్‌నెస్ అంటారు. పేరులో అంధత్వం ఉన్నా చూపు మామూలుగానే ఉంటుంది. ఎక్కువమందికి ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అంతే. యూరప్ మూలాలున్న మగవారిలో సుమారు 12 మందిలో ఒకరికి, ఆడవారిలో 200 మందిలో ఒకరికి ఇది ఉంటుందని లెక్క. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగబిడ్డకు ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది. అందుకే నానాకు ఉన్న లోపం అమ్మలో బయటపడకుండానే మనవడికి రావచ్చు. ఆకుకు గోధుమ రంగు వేసిన పిల్లాణ్ణి కసురుకునే ముందు ఒకసారి కళ్ళ డాక్టరుకు చూపించడం మంచిది.

ఫేస్‌బుక్ నీలంగా ఉండటం వెనక కూడా ఇదే ఉంది. తనకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదని, నీలమే బాగా కనిపిస్తుందని మార్క్ జుకర్‌బర్గ్ 2010లో ది న్యూయార్కర్ పత్రికకు చెప్పారు.

మరి రంగులు మానేయాలా? అక్కర్లేదు. రంగుకు తోడు ఇంకో గుర్తు ఉండాలి. మన ఇళ్ళలోకి వచ్చే బిస్కెట్ ప్యాకెట్లే చూడండి. ఒకప్పుడు శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ చుక్క ఉండేవి. రెండూ గుండ్రమే. 2020 నాటి లేబుల్ నిబంధనలు మాంసాహార గుర్తును త్రికోణంగా మార్చాయి. ఇప్పుడు రంగు తెలియకపోయినా ఆకారం చూసి పోల్చుకోవచ్చు. పేమెంట్ తెర మీదా అంతే: టిక్కు, ఇంటూ, గడియారం బొమ్మ, పక్కనే ‘డబ్బు చేరింది’, ‘చేరలేదు’, ‘ఆగండి’ అన్న మాటలు. లేకుంటే పెండింగ్‌లో ఉన్న డబ్బు వచ్చేసిందనుకుని దుకాణదారుడు సరుకు ఇచ్చేస్తాడు.

హైదరాబాద్ మెట్రోలో లైన్ల పేర్లే ఎరుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, ఆకుపచ్చ లైన్లు ఎంజీబీఎస్‌లో కలుస్తాయి. మ్యాపులో రంగు గీతలు తప్ప ఏమీ లేకపోతే జేబీఎస్ వెళ్ళాల్సినవారు ఏ గీత పట్టుకోవాలి? గీత మీద లైను పేరు, చివర స్టేషన్ పేరు రాస్తే సరిపోతుంది.

ఇక పెద్దవాళ్ళ సంగతి. వయసు పైబడేకొద్దీ కంటి లెన్స్ పసుపుబారుతుంది, నీలం, ఊదా రంగులు మసకబారతాయి. అలాంటి కళ్ళకు తెల్లటి తెర మీద లేత బూడిద అక్షరాలు పెట్టడం, ఫ్యాషన్ పేరుతో చేసినా, అన్యాయమే. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ దీనికి కొలత పెట్టింది. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. తెలుపు మీద నలుపుకు ఇది 21:1. తెలుపు మీద #767676 అనే బూడిద రంగు 4.5ను అంచున దాటుతుంది, #777777 దాటదు. సన్నటి ఒత్తులు, గుడులు ఉన్న తెలుగుకు ఆ కనీసం కంటే ఎక్కువే ఇవ్వడం మేలు.

నమాజు వేళల యాప్‌లలో ఆకుపచ్చ, బంగారు రంగుల జోడీ బాగా కనిపిస్తుంటుంది. ముదురు ఆకుపచ్చ మీద బంగారు అక్షరాలు చక్కగా చదవొచ్చు. అదే బంగారు రంగును తెలుపు మీద పెడితే సెహ్రీ వేళ నానీకి కళ్ళజోడు పెట్టుకున్నా కనిపించదు. తర్వాతి నమాజు వరుసకు రంగు మార్చి వదిలేయకుండా, అక్షరాలు లావు చేసి ‘తర్వాత’ అని రాయాలి.

రంగుల అర్థం దేశాన్ని బట్టి మారుతుంది కూడా. చైనా షేర్ మార్కెట్ తెరల మీద ఎరుపంటే ధర పెరిగినట్టు, ఆకుపచ్చంటే పడినట్టు.

పరీక్ష చేయడానికి ఖర్చేమీ లేదు. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లోని కలర్ కరెక్షన్‌లో, ఐఫోన్‌లో కలర్ ఫిల్టర్స్‌లో గ్రేస్కేల్ పెడితే తెర నలుపు తెలుపు అయిపోతుంది. అప్పుడు ‘చెల్లించు’, ‘రద్దు’ బటన్లు ఒకేలా కనిపిస్తే డిజైన్ మార్చాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి రంగులు సర్దే ఆప్షన్లు కూడా అక్కడే ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా అవసరమైతే ఆన్ చేసి చూపించవచ్చు.