సగం సుంకం

సుంకం వదులుకుంటే వర్తకం పెరుగుతుందా, రాబడి తరుగుతుందా అన్న తర్కం నిన్నమొన్నటిది కాదు. తిరుమల కొండ కింద చంద్రగిరి ఆరవీటి రాయల ముఖ్యపట్టణంగా ఉన్న రోజుల్లోనే ఈ సీమ దాన్ని చవిచూసింది. అప్పటిదాకా నేటి తిరుపతి జిల్లాలోని దుగరాజపట్నంలో ఒక స్థావరం నడిపిన ఈస్టిండియా కంపెనీకి, 1639లో రాయల సామంతుడు దామర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసపట్నాన్ని కౌలుకిచ్చాడు. దాని షరతులు నిదానంగా చదవాలి. రేవులో కంపెనీ సరుకుకు ఎన్నటికీ సుంకం లేదు. అదే సరుకు నాయకుడి సీమలోకి వస్తే మిగతా వర్తకులు కట్టేదాంట్లో సగం కడితే చాలు. రెండేళ్ల తర్వాత రేవు రాబడి మాత్రం ఇద్దరికీ చెరిసగం. ఇది తెలివితక్కువ బేరం కాదు. వర్తకం పెరిగేకొద్దీ నాయకుడి బొక్కసమూ నిండాలన్న లెక్క ఇందులో ఉంది. 1645లో శ్రీరంగరాయలు కూడా కంపెనీ హక్కులను ఖాయం చేశాడు.

చిక్కు రెండు చోట్ల ఉంది. మినహాయింపు సరుకును బట్టి కాక, తెచ్చినవాడిని బట్టి వచ్చింది. కంపెనీ వర్తకం చేసే బట్టనే అమ్మే స్థానిక వర్తకుడు పూర్తి సుంకం కట్టాలి. నేటి ప్రాంతీయ ఒప్పందాల్లోనూ ఇదే జరుగుతుంది: చవగ్గా చేసేవాడిని కాదని, సుంకం లేనివాడి వైపు వర్తకం మళ్లుతుంది. రెండోది ఇంకా పెద్దది. సీమ గోల్కొండ వశమయ్యాక, 1672లో పాలకుడి వాటా ఏటా 1200 వరహాలకు ఖరారైంది. పట్నం ఎంత పెరిగినా ఆ మొత్తం పెరగదు.

నేతగాళ్లకు పని దొరకలేదా అంటే, దొరికింది. ఆ మేలును నేను తక్కువ చేయను. రాయల రాజ్యం దండయాత్రల వల్ల పడిపోయింది గానీ సుంకం వల్ల కాదనే మాటా నిజమే. కానీ రాజ్యాలు మారినా ‘ఎన్నటికీ’ అన్న మాట మిగిలింది. దాన్ని తిరగరాయగల బలం ఆ తర్వాత ఏ పాలకుడికీ చిక్కలేదు.

అందుకే 2019 నవంబర్ 4న బాంకాక్‌లో ఆర్‌సెప్ అనే ప్రాంతీయ వర్తక ఒప్పందం నుంచి తప్పుకునే ముందు భారత్ అడిగిన ఒక షరతు నాకు ముఖ్యంగా తోస్తుంది: దిగుమతులు హద్దు దాటితే సుంకం దానంతటదే తిరిగి పడే ఏర్పాటు. పాడి మీద బతికే చిత్తూరు పల్లెలకు ఆ ఒప్పందంలో ఉన్న న్యూజిలాండ్ పాలపొడి చిన్న సంగతి కాదు. అలాగని తలుపులు బిగించుకోనూ లేం. శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఇసుజు బండ్లు తయారు కావాలంటే సరిహద్దులు దాటి విడిభాగాలు రావాల్సిందే.