హమామత్సులో పెద్దల పండుగ

బేరిగై, హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో భాద్రపద అమావాస్య అంటే పెద్దలకు పెట్టుకునే రోజు. పటాల ముందు కొత్త బట్టలు పెట్టి, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆకులో వడ్డించి, కాకికి ముద్ద వేశాకే ఇంట్లోవాళ్లు తింటారు.

ఈ ప్రాంతానికి జపాన్‌లో ఒక ఊరితో పాత పరిచయం ఉంది. 1982లో టీవీఎస్ వాళ్లు సుజుకీతో పొత్తు పెట్టుకుని హోసూరులో మోటార్‌సైకిళ్లు చేశారు. 2001 దాకా ఆ పొత్తు సాగింది. సుజుకీ సొంతూరు హమామత్సు.

జూలై నడుమ హోసూరు మనిషి ఎవరైనా అక్కడికి వెళ్తే, రాత్రిపూట డోళ్ల మోత విని జాతర అనుకుంటాడు. అది ఆ ఏడాది చావు జరిగిన ఇంటికి వెళ్లే మేళం. ముందు లాంతరు, వెనక పిల్లనగ్రోవులు, డోళ్లు, కంచు గంటలు. వాకిట్లో నిలబడి బుద్ధుడి నామం పాడతారు. పేరు ఎన్షూ దైనెంబుత్సు. జపాన్‌లో చాలాచోట్ల వాళ్ల పెద్దల పండక్కి కీరాకు పుల్లల కాళ్లు గుచ్చి గుర్రం చేస్తారు, వంకాయకు గుచ్చి ఆవు చేస్తారు. పెద్దలు గుర్రమెక్కి గబగబా రావాలట, ఆవు మీద నింపాదిగా వెళ్లాలట. మన కాకికి అంత తీరిక ఎక్కడిది!

ఈ మేళం పుట్టుక మాత్రం యుద్ధంలో ఉంది. 1573 జనవరిలో మికతగహర దగ్గర తకెదా షింగెన్ అనే పొరుగు ప్రభువు చేతిలో ఓడి, హమామత్సు ప్రభువు తోకుగవా ఇయెయాసు తన కోటలోకి పారిపోయాడు. ఆ రాత్రి అతని మనుషులు తకెదా సేన మీద పడితే, చీకట్లో ఎందరో సైగగకె లోయలో పడి చచ్చారట. ఆ తర్వాత లోయలోంచి మూలుగులు వినిపించాయనీ, ఇయెయాసు ఒక సన్యాసిని పిలిపించి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నామజపం చేయించాడనీ కథ. భక్తి కంటే ముందు భయమే పనిచేసిందని నాకనిపిస్తుంది. అయినా ఏడ్చింది శత్రువులు, శాంతి చేయించింది వాళ్ల చేతిలో ఓడినవాడు.

పోరులో పోయినవాళ్లను మన వైపూ తలచుకుంటారు. హోసూరు ఉన్న కృష్ణగిరి జిల్లాలో పొలాల్లో, చెరువుల పక్కన వాళ్లకు నిలిపిన రాళ్లు, వీరగల్లులు, కనిపిస్తాయి. కింద పోరాటం, కొన్నిటి మీద ఆవులమంద, పైన వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు. మందను తోలుకొచ్చేటప్పుడు పడ్డవాడికీ, అడ్డుకుని పడ్డవాడికీ రాళ్లున్నాయి, కానీ ఎవరి వీరుడికి వాళ్లవాళ్లే నిలిపారు. సైగగకె కథకు మన దగ్గర దగ్గరి చుట్టం రాయి కాదు, తర్పణం. అందులో చివర నా అన్నవాళ్లు లేనివాళ్లకూ నువ్వులు, నీళ్లు వదులుతారు.

సైగగకె ఒడ్డున ఇప్పుడు చిన్న మ్యూజియం ఉంది. అటు వెళ్లేవాళ్లు మేళం చూడాలంటే జూలై 15 నాటికి చేరుకుంటే మంచిది. మన అమావాస్యకు ఇంకా రెండు నెలల పైనే ఉంటుంది కాబట్టి, తిరిగొచ్చి ఇంట్లో పెట్టుకోవడానికి ఇబ్బంది లేదు.