దశబంధం నుంచి ఉచిత విద్యుత్తు దాకా

మా చిత్తూరు సీమ చరిత్ర చదువుతుంటే నన్ను ఆపేసే మాట ‘దశబంధం’. విజయనగర కాలంలో చెరువు త్రవ్వించినవారికో, బాగుచేయించినవారికో ఆ చెరువు క్రిందనే భూమిని మాన్యంగా ఇచ్చేవారు. కట్టను కాపాడుతూ ఉండాలన్నది షరతు. ఆంగ్లేయుల ఏలుబడిలోనూ ఈ పద్ధతి సాగింది. చెరువెండితే మాన్యమూ బీడే కాబట్టి, మాన్యందారు లాభమూ ఊరి నీళ్ళూ ఒకే కట్టకు ముడిపడి ఉండేవి.

2004లో రైతులకు ఉచిత విద్యుత్తు వచ్చింది. 2005లో దానికి షరతులు చేరాయి. కెపాసిటర్, ఐ.ఎస్.ఐ. మోటారు, మంచి ఫుట్‌వాల్వు బిగించుకోవాలి. ఇవి ఆదా చేసేది కరెంటును. తోడే నీటికి కొలత లేకపోయింది. రాతినేలలో బోర్లు లోతుకు దిగేకొద్దీ, విద్యుత్తులో మిగిలిన సొమ్ము కొత్త బోర్లకే కరిగి, పైన అప్పూ మిగిలింది.

రాయితీకి షరతు పెట్టడం మనకు పాత విద్యే. ఆ షరతును మళ్ళీ నీటికి ముడివేయాలని నాకు తోస్తుంది. మీరేమంటారు?