రూజ్వెల్టు ఆఫ్రికా వేటకు జరిగిన సన్నాహము

అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షపదవినుండి 1909వ సంవత్సరము మార్చి 4వ తేదీన విరమించిన థియొడోరు రూజ్వెల్టు, అదే మాసము 23వ తేదీన, తన కుమారుడు కెర్మిటును వెంటబెట్టుకొని న్యూయార్కు రేవున ఓడ యెక్కెను. పందొమ్మిది దినములలోనే అంతటి యాత్ర సిద్ధమయ్యెనని యెవరును తలపరాదు. ఆయన అధికారమునందుండగనే, 1908వ సంవత్సరముననే, సన్నాహము మొదలైనది. స్వదేశపు పశ్చిమభాగమున ఎలుగుబంట్లను, కణుజులను వేటాడిన అనుభవము ఆయనకు సమృద్ధిగా కలదు. సింహమును, ఏనుగును, ఖడ్గమృగమును తుపాకి చేతబట్టి యెదుర్కొనుట మాత్రము అదియే తొలిసారి. కావున, ఆఫ్రికా మృగయానుభవమున ఆరితేరిన ఫ్రెడరికు సెలూసు, ఎడ్వర్డు బక్స్టను అను ఆంగ్లేయులను లేఖలద్వారా సంప్రదించి, శిష్యుని వినయముతో వారి సలహాలను గైకొనెను.

ఆయన తుపాకులను గూర్చి వేటగాండ్రు నేటికిని ముచ్చటించుకొందురు. తన భుజమునకును చూపునకును అనువుగా దిద్దించుకొనిన స్ప్రింగుఫీల్డు సైనిక రైఫిలు ఒకటి. సింహములకు తగినదని ఆయన మెచ్చుకొనిన 0.405 అంగుళముల వించెస్టరు ఒకటి. ఏనుగులకును ఖడ్గమృగములకును హాలెండు అండ్ హాలెండు వారి జోడుగొట్టముల తుపాకి ఒకటి. ఈ మూడవది ఇంగ్లండునందలి మిత్రులు కానుకగా సమర్పించినది. జాతీయోద్యానములను, అరణ్యములను ప్రత్యేకించి జంతుజాతులను సంరక్షించినందులకు కృతజ్ఞతగా వారు దానిని పంపిరి. సంరక్షకునకు సంహారసాధనము బహుమానమగుట ఆ కాలమువారికి విపరీతముగా తోచలేదు. మృగములను కాపాడవలెనని మొదట ఎలుగెత్తినవారు పలువురు వేటగాండ్రే యగుటచే, వారికి ఈ రెండును ఒకే ప్రీతియొక్క రెండు ముఖములుగా కనబడెను.

అయితే నా దృష్టిలో ఆ సామగ్రియంతటిలో ప్రధానమైనది తుపాకి కాదు, ఉప్పు. రూజ్వెల్టు 1908 జూనులో స్మిత్సోనియను సంస్థ కార్యదర్శియగు చార్లెసు వాల్కాటునకు లేఖ వ్రాసి, తాను కొట్టిన మృగముల చర్మములను జాతీయ ప్రదర్శనశాలకు ఒసగుదునని, అందులకు శాస్త్రజ్ఞులను తోడిచ్చి పంపుడని కోరెను. ఎడ్గరు మియర్న్సు, ఎడ్మండు హెల్లరు, ఆల్డెను లోరింగు అను మువ్వురు అట్లు నియుక్తులైరి. ఆ క్షణమునుండి సన్నాహపు స్వరూపమే మారిపోయినది. ఉష్ణదేశమున పడిన మృగము చర్మమును జాగుచేయక ఒలిచి, మాంసము గీకి, ఉప్పు దట్టించి ఆరబెట్టనిచో, వెండ్రుకలు ఊడి అది నిరుపయోగమగును. ఏనుగు చర్మమైనచో, ఉప్పు లోనికి దిగునట్లు పలువురు కత్తులు పట్టి కూర్చుండి దానిని పలుచగా చెక్కవలెను. అందులకై 4 టన్నుల సన్నని ఉప్పును, చిన్న జీవులను పట్టుటకు వందలకొలది బోనులను సమకూర్చిరి. ఈ వ్యయమునకై స్మిత్సోనియనువారు ధనికులనుండి విరాళములు సేకరించిరి. తనకును కుమారునకును అగు ఖర్చును రూజ్వెల్టు తానే భరించెను.

ఇంత సరకును మోయువారెవరు? నైరోబీలో న్యూలెండు, టార్ల్టను అనువారు అప్పటికే ఇట్టి యాత్రలకు వలయు సర్వమును అమర్చు వ్యాపారమును నడపుచుండిరి. మొంబాసానుండి లోపలికి పోవు రైలుమార్గము మన హిందూదేశమునుండి పోయిన కూలీల కష్టఫలము. 1896 మొదలు 1901 వరకు సుమారు 32,000 మంది అచట పనిచేయగా, వారిలో దాదాపు 2,500 మంది అసువులు బాసిరి. ఆ పట్టాలమీదనే రూజ్వెల్టు కపీటి మైదానమునకు చేరెను. అచట రెండువందలకు పైబడిన మోతగాండ్రు డేరాలతో సిద్ధముగా నుండిరి. మనిషికి 60 పౌనుల బరువు. ఆ లెక్కన ఉప్పు నంతను ఒకేమారు మోయింపవలెనన్న, నూటికి మించిన తలలు కావలెను. మోతగాండ్రు పెరిగినకొలది వారి తిండి మోయువారును పెరుగుదురు. దొర భుజమున తుపాకి యొకటే. తక్కిన యాత్రయంతయు ఈ పేరులేని మనుష్యుల శిరస్సులపై సాగినది.

ఒక మోతగాని బరువు మాత్రము వేరు. రూజ్వెల్టు సోదరి కోరిన్ను ఆయనకు బహూకరించిన గ్రంథములు అందుండెను. చెమటకును, నెత్తురునకును, తుపాకి నూనెకును చెడకుండుటకై వానిని పందితోలుతో కట్టించిరి. హోమరు, షేక్స్పియరు, డాంటే, బైబిలు మొదలగు ఆ పొత్తములన్నియు కలిసి ఒక మనిషి మోయదగినంతయే తూగెను. ఏ చెట్టునీడనో, పడిన మృగముచెంతనో ఆయన వానిని తీసి చదువుకొనుచుండెను. ఈ విషయమున ఆయనను మెచ్చుకొనకుండలేను.

1910 మార్చిలో ఖార్టూమునందు యాత్ర ముగియునాటికి తండ్రికొడుకులు కూల్చిన మృగములు 512. ఎలుకలు, పక్షులు, పాములు మొదలుకొని సేకరించినవన్నియు సుమారు 11,400. తమ కొరకు ఒక డజను చర్మములు, కొమ్ములు మాత్రమే ఉంచుకొంటిమని, తక్కినదంతయు ప్రదర్శనశాలకో ఆహారమునకో వినియోగించితిమని రూజ్వెల్టు సమాధానము చెప్పెను. ఉప్పుబస్తాలు ఆ మాటకు సాక్ష్యమే. కాని అప్పటికే అరుదైపోయిన తెల్ల ఖడ్గమృగములను లాడో ప్రాంతమున తొమ్మిదింటిని చంపుట ఏ ప్రదర్శనశాలకును అవసరమై యుండదని నా నిశ్చయము.