సెల్యులైటు: ఒక పేరు పుట్టుపూర్వోత్తరములు



నలుబదియేండ్లు బడిపిల్లలకు శబ్దములును శబ్దార్థములును చెప్పి విశ్రాంతి పొందినవాడను. దేహశాస్త్రము నా విద్య కాదు. అయినను గత సంవత్సరము మా మనుమరాలు రాత్రి భోజనము మానివేసెను. వాళ్ల నాయనమ్మ బుజ్జగించి యడుగగా, తనకు ‘సెల్యులైటు’ అను జాడ్యము పట్టినదని కన్నీరు పెట్టుకొనెను. తొడల వెనుక చర్మము నున్నగా నుండక నారింజతొక్కవలె చిన్నచిన్న గుంటలు పడుటయే ఆ జాడ్యమట. చూడబోయిన ఆ పిల్ల చీపురుపుల్లవలె నుండును! ఇది యెక్కడి రోగమని నే నా మాట వెంటబడితిని. వైద్యుల నడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొన్న కథ నేడు మీకు విన్నవించెదను.

లాటిను భాషలో ‘సెల్లులా’ యనగా చిన్నగది. చర్మము క్రింద గదులుగదులుగా నమరియున్న మెత్తని పొరను పూర్వవైద్యులు ఈ శబ్దముతో వ్యవహరించిరి. దానిపై చేరిన ప్రత్యయము గ్రీకుభాష నుండి వచ్చినది. వైద్యపరిభాషలో దానికి వాపు, తాపము అని యర్థము. 1873వ సంవత్సరమున ఎమిల్ లిత్రే, షార్ల్ రోబేన్ అను ఫ్రెంచి పండితులు ప్రకటించిన వైద్యనిఘంటువులో ఈ పదము గలదు. అచట దాని యర్థము ఆ పొరకు కలుగు తాపమే. లిత్రే ఫ్రెంచిభాషకు మహానిఘంటువును కూర్చినవాడు. ప్రత్యయార్థము తెలియక వ్రాసెనని యెవ్వరు ననజాలరు.

అర్థము జారిపోయినది తరువాతి తరములోనే. 1920 ప్రాంతముల ఫ్రాన్సున వైద్యులు కొందరు ఈ పేరును తొడలమీది గుంటలకు తగిలించి, శరీరమున మలినద్రవములు నిలిచిపోవుటయే కారణమని యూహించిరి. ఆ యూహ స్త్రీల పత్రికల కెక్కినది. 1968 ఏప్రిలులో అమెరికాయందలి ‘వోగ్’ పత్రిక ఈ మాటను ఆంగ్లపాఠకులకు పరిచయము చేసెను. 1973లో న్యూయార్కు నగరమున సౌందర్యశాల నడపిన నికోల్ రోన్సార్ అను నామె దీనిపై నొక పుస్తకమునే వ్రాసెను. ఇది సామాన్యమైన కొవ్వు కాదట. కొవ్వును, నీరును, విషపదార్థములును కలిసి చిక్కుపడిన వస్తువట! కావున మర్దనము, ప్రత్యేకాహారము మున్నగునవి కావలెనని బోధించెను. పుస్తకము విశేషముగా నమ్ముడుపోయెను.

అంతకు పూర్వము స్త్రీల కీ గుంటలు లేవా? స్పెయినుదేశమందు మడ్రిడు నగరపు ప్రాదో చిత్రశాలలో రూబెన్సు వ్రాసిన ముగ్గురు దేవతాస్త్రీల చిత్రము గలదు. ఆ చిత్రకారుడు 1640లో మరణించెను. ఆ దేవతల తొడలమీద ఈ గుంటలన్నియు స్పష్టముగా గనబడును. వాని నాతడు దాచలేదు. చూచినవారును రోగమనలేదు.

అసలు కారణమును 1978లో నూర్న్‌బెర్గర్, ముల్లర్ అను జర్మను వైద్యులు చర్మపు ముక్కలను సూక్ష్మదర్శినితో పరీక్షించి వివరించిరి. ఇది కల్పితరోగమని తమ వ్యాసమునకు శీర్షికలోనే పేరు పెట్టిరి! వారు చెప్పిన దానిని మన యింటి వస్తువులతో చెప్పెదను. దూదిపరుపును చూడుడు. పైగుడ్డనుండి క్రిందిగుడ్డకు మధ్యమధ్య కుట్లు వేయుదురు గదా. కుట్టు పడినచోట గుడ్డ లోపలికి లాగబడును. రెండు కుట్ల నడుమ దూది పైకి ఉబుకును. స్త్రీల చర్మము క్రింద కొవ్వుగుళికల నడుమ నుండు తంతువులు చాలవరకు ఈ కుట్లవలె నిలువుగా నుండును. పురుషుల కవి నులకమంచపు అల్లికవలె ఏటవాలుగా నొకదానితో నొకటి పెనవేసికొనియుండును, చర్మమును దళసరి. కావున కొవ్వు పైకి పొంగుట కంతగా నవకాశము లేదు. యుక్తవయస్సునందు స్త్రీశరీరమున నూరు ఈస్ట్రోజెను అను రసము, వంశలక్షణము, వయస్సుతో చర్మము పలుచబడుట, ఇవి దీనికి తోడగును. బరువు పెరిగిన గుంటలు మఱింత తెలియును. బక్కపలుచని వారికిని ఉండును. యుక్తవయస్సు దాటిన స్త్రీలలో నూటికి 80 మొదలు 90 మందికి ఇది కలదని వైద్యుల లెక్క. నూటికి తొంబదిమందికి గల లక్షణమును రోగమనుట యే తర్కమో నాకు బోధపడలేదు.

మనవారు కొందరు దీనిని చరకుడు ముందే చెప్పెనందురు. నేను సూత్రస్థానమున నిరువదియొకటవ అధ్యాయమును మరల చదివితిని. అతిస్థూలునకు కలుగు దోషము లెనిమిది యచట గలవు: ఆయుఃక్షయము, చలనమాంద్యము, దౌర్బల్యము, దుర్గంధము, స్వేదబాధ, అత్యాకలి, అతిదాహము మొదలైనవి. చర్మముపై గుంటలు ఆ యెనిమిదింట లేవు. లేనిదానిని ఋషుల కంటగట్టుట భక్తి కాదు.

ఇక చికిత్సలు. లేపనములవలనను మర్దనమువలనను కలుగు ఫలము స్వల్పము, తాత్కాలికము. ఆ నిలువుతంతువులను కరగించు సూదిమందు నొకదానిని 2020లో అమెరికా ప్రభుత్వశాఖ యంగీకరించెను. సూది గుచ్చినచోట కమిలిన మచ్చలు పడుటయు, చర్మపు రంగు మారి చాలకాలము నిలుచుటయు చూచి, 2022లో దానిని చేయువారే యాపివేసిరి.

ఈ నామసంకరమువలన నొక యపాయమును గలదు. లిత్రే నిఘంటువునందలి యసలైన యర్థముగల వ్యాధి నేటికిని ఉన్నది. దానిని వైద్యులు ‘సెల్యులైటిస్’ అందురు. కాలిపగుళ్లనుండియో పుండునుండియో సూక్ష్మక్రిములు చొచ్చి, చర్మ మెఱ్ఱబడి, వేడెక్కి, వాచి, నొప్పిపెట్టును, జ్వరమును రావచ్చును. మధుమేహము గలవారి కిది మఱింత ప్రమాదకరము. మా వీధిలో నొక పెద్దమ్మగారి కాలు ఇట్లే వాచగా, కోడలు ఆ పేరు విని, అందమునకు సంబంధించిన సంగతి కాబోలునని రెండుదినములు నూనె మర్దించెను. మూడవనాడు చలిజ్వరముతో ఆసుపత్రికి తీసికొనిపోవలసివచ్చెను. మందు లెక్కించిన పిమ్మట ఆమె కోలుకొనెను. అట్టి వాపు కనబడిన మర్దనము చేయక, ఆనాడే వైద్యునకు చూపవలయును.