సభ్యుడు, సభ్యులు, వాడుకరి: సాఫ్ట్‌వేర్ తెలుగులో లింగబోధ

కంప్యూటర్ తెరపై కనిపించే పాఠం చాలాకాలం ఇద్దరి మధ్య సంభాషణగానే సాగింది. యంత్రం అడుగుతుంది, మనిషి బదులు చెప్పాలి. ‘తెరువు’, ‘భద్రపరచు’ వంటి ఆజ్ఞల్లో గాని, ‘మీరు దీన్ని తొలగించాలనుకుంటున్నారా?’ వంటి ప్రశ్నల్లో గాని తెలుగుకు లింగభేదం లేదు. ఉత్తమ, మధ్యమ పురుషల్లో మన క్రియ లింగాన్ని సూచించదు. ‘ఆప్ చాహ్‌తే హైఁ’ అనాలా, ‘ఆప్ చాహ్‌తీ హైఁ’ అనాలా అని హిందీ అనువాదకులకు మధ్యమ పురుషలోనే ఎదురయ్యే చిక్కు తెలుగు అనువాదకులకు ఎదురుకాలేదు.

ప్రథమ పురుష ప్రవేశంతో పరిస్థితి మారింది. ఒకరు చేసిన పనిని మరొకరికి తెలపడమే వికీలకు, సామాజిక మాధ్యమాలకు ప్రాణం. లింగం తెలపని సభ్యుల విషయంలో ‘దెయిర్’, ‘దెమ్‌సెల్ఫ్’ వంటి రూపాలు వాడుతూ వచ్చిన ఫేస్‌బుక్, ఇతర భాషల్లోకి అనువాదాలు పెరిగేసరికి 2008లో సభ్యులను లింగం తెలపమని కోరింది. 2014లో ‘దే’ సర్వనామాన్ని స్వయంగా ఎంచుకునే వీలు కల్పించింది. వికీపీడియాకు ఆధారమైన మీడియావికీలో 2009లో లింగాన్ని బట్టి పదరూపం మార్చే సాధనం వచ్చింది. పురుషుడు, స్త్రీ, తెలియదు అనే మూడు గళ్లు అందులో ఉన్నాయి.

ఈ మూడు గళ్ల విభజన తెలుగు వ్యాకరణ విభజనతో సరిపోదు. 1858 నాటి బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి మహత్తు, అమహత్తు అనే భేదాన్ని నిరూపించి, స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతోను, బహువచనంలో మహత్తులతోను చేరతాయని తెలిపాడు. ‘రాముడు వచ్చాడు’ అంటాం. ‘సీత వచ్చింది’, ‘బండి వచ్చింది’ అంటాం. బహువచనంలో మాత్రం స్త్రీపురుషులు ‘వచ్చారు’, బండ్లు ‘వచ్చాయి’. ఈ అమరిక మూలద్రావిడం నాటిదని భద్రిరాజు కృష్ణమూర్తి అభిప్రాయం. కాబట్టి లింగం తెలియని వ్యక్తి గురించి ‘మార్చాడు’ అంటే స్త్రీలు మరుగున పడతారు. ‘మార్చింది’ అంటే మనిషికీ వస్తువుకూ భేదం పోతుంది. తెలుగు అనువాదాలకు గౌరవ బహువచనం దారి చూపింది. ‘మార్చారు’ అన్నప్పుడు స్త్రీపురుష భేదం లేదు. ‘తన’, ‘తమ’ అనే ఆత్మార్థక రూపాలకూ లింగం లేదు గనుక ఆంగ్లంలో ‘హిజ్’, ‘హర్’ తెచ్చిపెట్టిన చిక్కు ‘తన చిత్రాన్ని మార్చారు’ అనే వాక్యంలో తలెత్తదు.

నామవాచకం విషయంలో పరిష్కారం ఇంత తేలిక కాలేదు. తెలుగు వికీపీడియాలో వ్యక్తుల పుటలకు చెందిన పేరుబరికి నేడున్న పేరు ‘వాడుకరి’. మీడియావికీ తెలుగు పట్టికలో ‘సభ్యులు’, ‘సభ్యుడు’ అనేవి దానికి మారుపేర్లుగా ఇంకా నిలిచి ఉన్నాయి. ఒకటి బహువచనం, ఒకటి పుంలింగం, ఒకటి ఉభయసాధారణం. మార్పుకు ప్రేరణ ఏదైనా, ఫలితం గమనించదగినది. నేర్పరి, తీర్పరి పదాల్లోని ‘-అరి’ ప్రత్యయమే ‘వాడుకరి’లోనూ ఉంది, అది స్త్రీకీ పురుషుడికీ సమానంగా వర్తిస్తుంది. జర్మన్ వికీపీడియా ‘బెనుట్సెర్’, ‘బెనుట్సెరిన్’ అని రెండు పేర్లు పెట్టుకొంది. తెలుగు ఒక్క పేరుతో సరిపెట్టుకొంది.

అయితే గౌరవ బహువచనానికి మూల్యం ఉంది. ‘ఒక వాడుకరి చేరారు’, ‘పది మంది వాడుకరులు చేరారు’ అన్నప్పుడు క్రియలో వచనభేదం కనిపించదు. ఆ భారం నామానిదే. అంతకన్నా పెద్ద చిక్కు బాట్లది. మనుషుల మార్పులను, బాట్ల మార్పులను వికీ ఒకే వాక్యనమూనాతో నమోదు చేస్తుంది. బాటు ‘మార్చారు’ అనడం అసహజం. ‘మార్చింది’ అని నమూనాను సవరిస్తే మనుషులందరూ అమహత్తులవుతారు.

తెలుగు తెరపాఠంలోని లింగసమానత ఒకరు సంకల్పించి రూపొందించినది కాదు. మర్యాద నుంచి సంక్రమించినది. అందుకే మర్యాద చెల్లే మేరకే అది చెల్లుతుంది. సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్న ‘స్త్రీయా, పురుషుడా?’ అన్నది, తెలుగు అడిగే మొదటి ప్రశ్న ‘మనిషా, కాదా?’ అన్నది. మూడు గళ్లలోనూ ‘మార్చారు’ అనే రాసి, మానవేతర కర్తకు వేరొక గడి కోరడమే మన వ్యాకరణానికి తగిన మార్గం. ఆ కోరికను శాస్త్రీయంగా సమర్థించవలసిన బాధ్యత తెలుగు శాఖలది.