అరచేతిలో సరస్వతి

పిల్లల్ని చిన్నబడిలో చేర్పించడానికి వెళ్ళిన తల్లులకు ఈమధ్య చాలా బళ్ళలో మొట్టమొదట చూపించేది స్మార్ట్ బోర్డు. తెల్లటి పెద్ద పలక. టీచరుగారు వేలితో తాకితే బొమ్మ కదులుతుంది, అక్షరం పలుకుతుంది, లెక్క దానంతటదే విప్పుకుంటుంది. చదువు మాట అటుంచండి, దానివల్ల క్లాసులో అల్లరి కూడా తగ్గుతుందంటారు. నలభైమంది కళ్ళూ ఒక్కచోట నిలిస్తే టీచరుకు అంతకంటే ఏం కావాలి!

రాతతో పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడం మాత్రం కొత్త సంగతేం కాదు. మన వీధిబళ్ళలో అది ఎలా సాగేదో చూసి రాసిపెట్టినాయన ఒకరున్నారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేయించిన దొర. జిల్లాల్లో చదువులెలా వున్నాయో చెప్పమని గవర్నరు మన్రో 1822లో అడిగితే, ఈయన మరుసటి ఏడు ఆగస్టులో నివేదిక పంపించాడు. అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే. మొత్తం 533 బళ్ళు. వాటిలో తెలుగువి 226. పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలెంతమందో తెలుసా? అక్షరాలా అరవై!

ఆ నివేదికలో నన్ను కట్టిపడేసింది పొద్దుటి హాజరు. బడి ఆరింటికి మొదలు. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో 'సరస్వతి' అని రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లిగా ఓ బెత్తం దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తరువాత వచ్చేవాళ్ళకు తలా ఒకటి పెరుగుతూ పోయేది. ముప్ఫయ్యోవాడికి లెక్క ప్రకారం ఇరవై ఎనిమిది! సోమరిపోతులకు వేరే మర్యాదలుండేవి. రెండు చేతులూ కట్టి కప్పీతో పైకి లాగడం ఒకటి. మనవాళ్ళు కోదండం వేయడమన్నది దాన్నే. రెండోది గుంజీళ్ళు. గుంజీళ్ళు బాధాకరమే గాని ఒంటికి మంచివేమోనని దొరగారు ఓ మాట కూడా అనేశారు. తాను తియ్యలేదు కనకనే అనగలిగాడని నా అనుమానం.

పలక సంగతీ వివరంగానే రాశాడు. ముందు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దాలి. ఆ తరువాత చెక్కపలక. అడుగు వెడల్పూ మూడడుగుల పొడుగూ వున్న చెక్కను నున్నగా చిత్రికపట్టి, అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూస్తే పలక తయారు. గుడ్డకు గంజి పెట్టి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గూ జిగురూ పట్టిస్తే కడితం. రాయడానికి బలపం, తుడవడానికి తడిగుడ్డ. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు దిద్దబెట్టేవారు. తక్కువ ఖర్చుతో ఇంతమందికి చదువు చెప్పే ఈ పద్ధతిని దొర మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లండువాళ్ళు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు.

అనుకరించిన మాట నిజం. మద్రాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథశరణాలయాన్ని 1789 నుంచి చూసుకున్న ఆండ్రూ బెల్, ఓ వీధిబళ్ళో పిల్లలు ఇసకలో రాయడం చూసి ఆ పద్ధతిని తన బళ్ళో పెట్టాడు. పిల్లలచేత పిల్లలకు చదువు చెప్పించాడు. 1797లో లండనులో దానిమీద పుస్తకం వేశాడు. అక్కడ జోసెఫ్ లాంకాస్టరు అనే ఆయన ఇంచుమించు అదే పద్ధతిలో వందలమందిని ఒక్క హాల్లో కూర్చోబెట్టి చదివించాడు. బెత్తం వాడనని ఆయన గొప్ప. కాని తప్పుచేసినవాణ్ణి బుట్టలో కూర్చోబెట్టి కప్పుకు వేలాడదీసేవారు. మన కోదండమే కాస్త నాజూకుగా!

ఇంతవరకూ పలక పిల్లవాడి ఒళ్ళోనే వుంది. అది గోడెక్కింది తరువాత. ఎడింబరో హైస్కూల్లో 1810 నుంచి పదేళ్ళు హెడ్మాస్టరుగా వున్న జేమ్స్ పిల్లన్స్, రంగు సుద్దలతో నల్లబల్లమీద దేశపటాలు గీసి భూగోళం చెప్పాడు. గోడెక్కగానే అందరి చూపూ ఒకవైపే తిరిగింది. కాని ఓ చిక్కు కూడా వచ్చిపడింది. రాయాలంటే టీచరు పిల్లలవైపు వీపు తిప్పాలి. వీపు తిరిగిందా, క్లాసు సంతే! అందుకు మన బళ్ళు కనిపెట్టిన మందు క్లాసు లీడరు. టీచరు బయటికి వెళితే చాలు, బోర్డుమీద ఓ మూల 'మాట్లాడినవాళ్ళు' అని గీత గీసి పేర్లు ఎక్కించేది. తన స్నేహితురాళ్ళ పేర్లు మాత్రం చచ్చినా ఎక్కేవి కావు.

వేలితో తాకితే కదిలే తెల్లబల్లను కెనడాలోని స్మార్ట్ అనే సంస్థ 1991లో అమ్మకానికి పెట్టింది. బ్రిటిషు ప్రభుత్వం 2003–04లో ప్రాథమిక పాఠశాలలకు వీటికోసం ప్రత్యేకంగా డబ్బు ఇచ్చింది. దాని ఫలితం ఏమిటో అక్కడి పరిశోధకులు క్లాసుల్లో కూర్చుని చూసి 2006లో ప్రకటించారు. పాఠం జోరందుకుంది, పిల్లలు గుంపులుగా చేసుకునే పని తగ్గింది, టీచరుకూ పిల్లలకూ మధ్య మాటల తీరు మాత్రం పెద్దగా మారలేదు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. చూపు నిలిచినంత మాత్రాన మనసు నిలవాలని ఎక్కడుంది? మన ఆంధ్రప్రదేశ్‌లోనూ నాడు–నేడు కింద 2023లో ఉన్నత పాఠశాలలకు ఇలాంటి ప్యానెళ్ళూ, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలూ వచ్చాయి.

ఇక క్రమశిక్షణ సంగతి. అమెరికాలో 2011లో క్లాస్‌డోజో అనే యాప్ పుట్టింది. ఒక్కొక్క పిల్లవాడికీ ఒక్కొక్క రాక్షసిబొమ్మ. పెద్ద తెరమీద అందరికీ కనిపిస్తూ వుంటుంది. బుద్ధిగా వుంటే టింగుమని పాయింటు వస్తుంది. అల్లరిచేస్తే పోతుంది. ఇంట్లో అమ్మ ఫోనులోనూ కనిపిస్తుంది. నాకు తక్షణం ఆ సరస్వతీ, ఆ సున్నా కళ్ళముందు మెదిలాయి. దెబ్బలు లేవు, నిజమే, అది మేలే. కాని అరచేతిలో సున్నా మధ్యాహ్నం అన్నానికి చెయ్యి కడుక్కుంటే పోయేది. బోర్డుమీది పేరు గంట కొట్టాక డస్టరు దెబ్బకు పోయేది. మర్నాడు అదే పిల్ల పొద్దున్నే వస్తే ఆమెపేర ఏ మచ్చా వుండేది కాదు. యంత్రానికి ఆ మతిమరుపు ఎక్కడిది?

ఇదే ప్రశ్న అక్కడి పెద్దలూ వేశారు. విమర్శలు పెరిగాక 2014లో ఆ సంస్థ, పిల్లల ప్రవర్తన పాయింట్లను ఏడాదికి మించి దాచిపెట్టమని ప్రకటించింది. ఆరేడేళ్ళ పిల్లకు ఏడాదంటే తక్కువ కాలమా చెప్పండి! మీ పిల్లల బళ్ళో ఇలాంటిదేదైనా వుంటే, ఈసారి టీచరుగారు కనిపించినప్పుడు ఆ బోర్డు ధరెంతని కాదు, అందులో పడ్డ పాయింట్లు ఎన్నాళ్ళుంటాయి, ఎవరెవరి కళ్ళ పడతాయి అని అడగండి.